అట్టలక్క మొదటిరోజు

మా మేడమీది వాటాలో ఉండే అట్టలక్కకి పోయిన నెలలో టీవీ కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరం ఆమెదే అయినా విప్పింది నేను. ఆమె కళ్ళజోడు వెతుక్కునేలోపు రెండుసార్లు చదివేశాను కూడా. ఇందులో తప్పేమీ లేదు. ముప్పై ఏళ్ళుగా మా ఇద్దరికీ మెట్లు ఒకటే, కుళాయి ఒకటే, ఉత్తరాల పెట్టె కూడా ఒకటే.

విషయం ఏమిటంటే, మన భాషలో టీవీ మొదలై యాభై ఏళ్ళు నిండుతున్నాయట. మొదటిరోజు పనిచేసిన వాళ్ళందరి పేర్లూ కేంద్రం గోడమీద రాతిపలకలో చెక్కిస్తారట. ఆ రోజు పనిచేసినట్టు ఏదైనా రుజువు పట్టుకుని శుక్రవారంలోగా రమ్మన్నారు.

"రుజువేంటే? నేనే రుజువు. ఇంకా ఊపిరాడుతూనే ఉందిగా" అంది అక్క.

ఆమెను అట్టలక్క అని ఎందుకంటారో ఇప్పటి పిల్లలకి తెలియదు. అట్టపెట్టెలు చేసేదేమో అనుకుంటారు. ఇప్పుడైతే తెరమీద అక్షరాలు కంప్యూటరు నుంచి వస్తాయి. అప్పట్లో ఒక మనిషి కూర్చుని నల్ల అట్టమీద తెల్లరంగుతో, సన్న కుంచెతో రాసేది. ఆ అట్టను ఒక స్టాండుమీద నిలబెట్టి కెమెరా దానివైపు తిప్పేవారు. అంతే, ఊరంతా చదివేది. "వార్తలు", "రేపటి వాతావరణం", "అంతరాయానికి చింతిస్తున్నాం", అన్నీ ఆమె చేతిరాతే. అంతరాయం అట్ట మాత్రం రోజుకి నాలుగుసార్లు అవసరం పడేదట. ఆమె రాసినవాటిలో జనం బాగా ఎరిగింది అదే.

నాటకం అయిపోయాక వేసినవాళ్ళ పేర్లు, రాసినవాళ్ళ పేర్లు, దీపాలు పట్టుకున్నవాళ్ళ పేర్లు, చివరికి కుర్చీలు అరువిచ్చిన దుకాణం పేరు కూడా ఆమే రాసేది. అట్ట రాసిందెవరో మాత్రం ఏ అట్టమీదా లేదు. రాయమని ఎవరూ అనలేదు, ఈమె అడగలేదు. తర్వాత కంప్యూటరు వచ్చింది. ఈమెను స్టోర్స్ గదిలోకి మార్చారు. పదవీ విరమణ నాటికి ఆమె పనేమిటో ఆ కేంద్రంలో సగంమందికి తెలియదు. అందుకే ఆ ఉత్తరం చూసి, ఎన్నడూ లేనిది, నా చేయి పట్టుకుంది.

"ఎన్నివేల పేర్లు రాశానే. నాది ఒక్కసారి ఎక్కడైనా కనపడితే చాలు."

నాకు అంతకంటే ఏం కావాలి? కొంగు దోపుకుని రంగంలోకి దిగాను.

"ముందు మొదటిరోజు ఏం జరిగిందో చెప్పు" అన్నాను.

"చెప్పడానికేముంది? పెద్ద హాలు. ఒకటే ఫ్యాను, అది కూడా చప్పుడు చేస్తుందని ఆపేశారు. మొత్తం నలుగురం. బయట వాన. 'ఊఁ, పెట్టు' అన్నారు. పెట్టాను. అంతకుముందు టీవీలో మన భాషది ఒక్క అక్షరం లేదు. అంతా రాజధానివాళ్ళ భాషే. చేతులు వణికి అట్ట కొంచెం పక్కకి ఒరిగింది. ఒరిగినట్టే వెళ్ళిపోయింది. ఆరుగంటల బస్సుకి ఇంటికొచ్చేశాను."

ఇంతవరకూ బాగానే ఉంది. సాక్ష్యానికి మా వీధి చివరి టవరు బాబాయి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఆ కేంద్రంలోనే ఇంజినీరుగా చేశాడు. కొండమీది టవరు ఎక్కి దిగినవాడు కాబట్టి ఆ పేరు. ఎనభై దాటినా గొంతు మాత్రం ఇంకా టవరెక్కే ఉంటుంది.

"మొదటిరోజు నలుగురేంటమ్మాయ్! నాలుగు వందలమంది! గేటు దాకా జనం. మంత్రిగారు వచ్చారు, గంటసేపు మాట్లాడారు. మండే ఎండ. వానెక్కడిది?"

"మరి నా అట్ట?" అంది అక్క.

"నీ అట్ట లేదు. రాజధాని నుంచి అచ్చువేసిన అట్టలు పెట్టెలో వచ్చాయి. నేనే మోశాను. నువ్వు ఆ రోజు కనపడలేదే?"

అక్క మొహం కత్తివేటుకి నెత్తురుచుక్క లేనట్టయింది. "మతిపోయింది మీకు" అని లేచి వచ్చేసింది.

మెట్లెక్కుతూ నేను ఆలోచనలో పడ్డాను. ఎందుకంటే మొదటిరోజు ప్రసారం నేనూ చూశాను. అప్పుడు నాకు పదహారేళ్ళు. రేడియోలు బాగుచేసే దుకాణం ముందు వీధి వీధంతా నిలబడ్డాం. నాకు బాగా గుర్తు, గొడుగు కిందే నిలబడ్డాను, పక్కావిడ గొడుగు ఊచ చెవిలో గుచ్చుకుంది కూడా. అంటే వాన నిజమే. మంత్రీ లేడు, ఉపన్యాసమూ లేదు. ఒక అట్ట వచ్చింది, ఏం రాసుందో గుర్తులేదు గానీ ఒరిగి ఉంది. తర్వాత ఒకావిడ వచ్చి నమస్కారం అంది. తర్వాత అంతరాయం. తర్వాత గాజుతొట్టిలో చేపలు పావుగంటసేపు ఈదాయి. ఏదైనా తెగిపోతే అవే చూపించేవారని అక్క తర్వాత చెప్పింది. ఆ రోజు మాత్రం అది కార్యక్రమమే అనుకున్నాం. మా అమ్మ అయితే ఇంటికొచ్చి, "మన భాష చేపలు ఎంత బాగున్నాయో" అంది.

అక్క చెప్పేదీ నేను చూసిందీ ఒకటే. కానీ బాబాయి అబద్ధాలాడే మనిషి కాదు. మళ్ళీ ఒక్కదాన్నే వెళ్ళి అడిగాను.

"బాబాయ్, చేపలు గుర్తున్నాయా?"

"మంత్రిగారి ముందు చేపలేంటి? ఏం మాట్లాడుతున్నావు?"

"మరి ఎండ ఎంత ఉంది?"

"తారు కరిగి నా చెప్పు అతుక్కుంది. ఒక చెప్పుతో లోపలికెళ్ళాను. మంత్రిగారితో దిగిన ఫొటోలో చూడు, కావాలంటే."

ఫొటో చూశాను. నిజంగానే ఒక కాలికి చెప్పులేదు. ఆయన చెప్పు నిజం, నా గొడుగు నిజం. ఒకే రోజు ఎండా వానా కలిసి వచ్చినా, మంత్రీ చేపలూ ఎలా కలుస్తాయి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆయన విసుక్కున్నాడు. "యాభై ఏళ్ళనాటి వాన గురించి ఇప్పుడు గొడుగు పట్టుకుని కూర్చున్నావేంటి?" అని.

బుధవారం నాడు అక్కే పిలిచింది. వంటగది కిటికీకి ఒక రెక్క అద్దం పగిలిపోతే, ఏనాడో పారేయబోతున్న అట్ట ఒకటి స్టోర్స్ నుంచి తెచ్చి అడ్డంగా బిగించుకుంది. పైన నల్లగా ఉంటుంది, నేను రోజూ చూసేదే.

"ఇది మొదటినాటి అట్టే. మూలన నా గుర్తు గీసుకున్నా చూడు. ఇదే తీసుకెళ్తే సరి" అంది.

"ఇది ఖాళీగా ఉందిగదా?"

"ఖాళీ ఏంటే? అట్టలకి కరువు. రోజూ పొద్దున్నే పాతదాని మీద నల్లరంగు కొట్టి మళ్ళీ రాసేదాన్ని. ఇరవై ముప్పై పూతలయ్యాక బరువెక్కి స్టాండు వంగిపోతే అప్పుడు పారేసేవాళ్ళు."

ఎండ ఏటవాలుగా పడుతుంటే దగ్గరికెళ్ళి చూశాను. నల్లరంగు కింద అక్షరాలు గట్లుగట్లుగా లేచి ఉన్నాయి. చేత్తో తడిమితే తెలుస్తోంది. కానీ ఒకదానిమీద ఒకటి ఎక్కి, తలా తోకా లేకుండా. నాకు "రేపు" అని కనిపించింది. అక్కకి "గాయని" అని. ఎందుకైనా మంచిదని బాబాయిని పిలుచుకొస్తే ఆయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, వేలితో ముప్పావుగంట తడిమి, "ఎడ్లబండి" అన్నాడు.

"టీవీలో ఎడ్లబండి అని ఎందుకు రాస్తాను?" అంది అక్క.

"నాకేం తెలుసు, నువ్వు రాశావు!"

వాదించుకుంటూనే అట్టను కిటికీలోంచి లాగారు, ఆయనొక వైపు, ఈమె ఒక వైపు. ఏళ్ళ తరబడి ఎండకి ఎండిన రంగు కదా, మధ్యలో అరచేయంత పెచ్చు టప్పున ఊడి కిందపడింది. అక్క కెవ్వుమంది. ఊడినచోట అన్ని పూతల అడుగున, అట్టను అంటుకుని, మొదటి రాత బయటపడింది. పాలిపోయిన తెలుపులో "పరీక్షా ప్ర" అని ఉంది. మిగతాది పూతల కిందే ఉంది.

"పరీక్షా ప్రసారం" అన్నాడు బాబాయి. ఉన్నట్టుండి గొంతు టవరు దిగింది. "అమ్మాయ్, ఇది ప్రారంభోత్సవానికి వారం ముందుది. మిషన్లు పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి వారంపాటు సాయంత్రాలు వదిలాం. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ చూడరనుకున్నాం."

"మేం చూశాం! వీధి వీధంతా చూశాం!" అన్నాను.

"ఎవరు చెప్పారు మీకు?"

"రేడియో దుకాణంవాడు."

ఆయన తల పట్టుకున్నాడు. అక్క నేలమీద పెచ్చు పక్కన కూర్చుండిపోయింది. పెచ్చును చేతిలోకి తీసుకుని అంది, "అవును. పెట్టెలో అట్టలు వచ్చాయి. నువ్వు ఎల్లుండి రా అన్నారు. ఆ రోజు నేనింట్లో మా అమ్మతో కలిసి దుప్పట్లు ఉతికాను. ఎండ బాగా ఉందని ఉతికాం."

యాభై ఏళ్ళుగా ఆమెకి వాన రోజే మొదటిరోజు. ఎండ రోజు ఉత్త దుప్పట్ల రోజు. రుజువు దొరికింది, కానీ ఆమె మొదటిరోజు అక్కడ లేదనడానికి దొరికింది.

ఊడినచోట మళ్ళీ ఇంత నల్లరంగు పూసేద్దామన్నాను, ఎవరికి తెలుస్తుంది? అక్క నావైపు ఒక చూపు చూసింది. నేను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

శుక్రవారం ముగ్గురం బస్సెక్కాం. అట్టను పాతచీరలో చుట్టి నా ఒళ్ళో పెట్టుకున్నాను. కేంద్రంలో ఆ పని చూస్తున్నది ముప్పై ఏళ్ళ అమ్మాయి. ఆమె పుట్టేనాటికి రంగుల టీవీ కూడా పాతబడిపోయింది. బల్లమీద కంప్యూటరు, అందులో ముప్పైరెండు పేర్లు.

"ప్రారంభం రోజు మీరు డ్యూటీలో ఉన్నారా అమ్మా?"

"లేను" అంది అక్క.

నేను గిల్లాను. బాబాయి దగ్గాడు. ఆమె మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది, దుప్పట్లతో సహా. ఆ అమ్మాయి జాలిగా చూసి, "మరి లిస్టులో ఎలా పెట్టనండీ? తేదీ ప్రకారమే పెట్టమన్నారు" అంది.

ఇక నేను ఊరుకోలేకపోయాను. "ఏమ్మా, నీ పుట్టినరోజు ఏది? నువ్వు పుట్టిన రోజా, చుట్టాలందర్నీ పిలిచి నిన్ను చూపించిన రోజా?"

"పుట్టిన రోజే."

"మరి మన భాష తెరమీద పుట్టింది వానరోజున. ఈవిడ చేతుల్లో. ఎండరోజున మంత్రిగారికి చూపించారు. అంతేగా?"

"అయితే... మేం యాభై ఏళ్ళ పండగ ఒక వారం ఆలస్యంగా చేస్తున్నామా?"

"అలా అనకమ్మాయ్, మంత్రిగారిని పిలిచేశారు" అని బాబాయి కంగారుపడ్డాడు.

"మరి ఈ ముప్పైరెండుమందీ?"

"వాళ్ళూ మొదటిరోజువాళ్ళే" అన్నాడాయన.

"ఈవిడా మొదటిరోజే. ఇంకో మొదటిరోజు" అన్నాను నేను.

"పిన్నిగారూ, నన్ను కన్ఫ్యూజ్ చేయకండి."

"మేం నాలుగురోజులుగా అందులోనే ఉన్నాం తల్లీ. నువ్విప్పుడే వచ్చావు."

ఆ అమ్మాయి పైఅధికారికి ఫోను చేసింది. ఆయనకి ఎండ చెప్పింది, వాన చెప్పింది, చేపలు చెప్పింది. అవతలనుంచి "ఏం చేపలు?" అని గట్టిగా వినిపించింది. ఆయన ఇంకొకరిని అడిగాడు. ఆ ఇంకొకరు పాత డ్యూటీ పుస్తకాలు తీయించారు. పరీక్షా వారానికి పుస్తకమే లేదు. చివరికి అట్టను ఉంచుకుని మమ్మల్ని పంపించేశారు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

"రాళ్ళు చెక్కేవాడికి కూడా అర్థంకాదే ఇది" అంది అక్క బస్సులో. మూడువారాలపాటు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఉత్తరాల పెట్టె దగ్గరికి మాత్రం నాకంటే ముందు దిగేది.

రాతిపలక తెరిచే రోజు వెళ్ళనని మొండికేసింది. నేనే లాక్కెళ్ళాను. గోడమీద పెద్ద నల్లరాయి. పైన "మొదటిరోజు" అని చెక్కి, కింద ముప్పైరెండు పేర్లు, రెండు వరసల్లో. బాబాయిది పదిహేడోది. అక్కది లేదు. ఆమె వెనక్కి తిరిగింది. అప్పుడు చూశాను నేను. రాయి పైఅంచున, ఆ శీర్షికకంటే ఎత్తులో, ఇంకో ముక్క ఉంది. "ప్రసారాలకు ముందు" అని. దానికింద ఒకేఒక్క పేరు.

అక్క కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చదివింది.

"ప్రసారాలకు ముందు ఏంటే? ప్రసారం కాకపోతే నువ్వెలా చూశావు?"

"నన్నడుగుతావేంటి? వాళ్ళనడుగు!"

"తప్పు రాశారు."

"తప్పో ఒప్పో, పైన రాశారుగా!"

ఇంతలో ఎవరో ఒకాయన ఆగి, "ప్రసారాలకు ముందు అంటే ఏంటండీ?" అన్నాడు. అక్క చెప్పడం మొదలుపెట్టింది. వాన, ఆపేసిన ఫ్యాను, వణికిన చేయి. ఆయన వెళ్ళేలోపు ఇద్దరు ఆడవాళ్ళొచ్చారు. వాళ్ళకీ అర్థంకాలేదు. వాళ్ళకీ మొదటినుంచి చెప్పింది. ఆ ఒక్క ముక్క చదివి తికమకపడనివాళ్ళు లేరు, తికమకపడి అడగనివాళ్ళు లేరు. ముప్పైరెండు పేర్లవాళ్ళు మాత్రం ఎవరి పేరు కింద వాళ్ళు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు. అన్నీ తేటతెల్లంగా రాసే ఉన్నాయి కదా.

మధ్యాహ్నం దాటాక బాబాయి పదిహేడో పేరు కింద కాళ్ళు మార్చుకుంటూ నిలబడి ఉన్నాడు. ఒకావిడ ఆయనవైపే వస్తుంటే చొక్కా సర్దుకున్నాడు.

"ఏమండీ," అంది ఆవిడ, "ఆ పైన పేరున్నావిడ ఎవరో మీకు తెలుసా?"