ఆపరేషన్ అయిన ఇంట్లో కండోమ్

2005లో నేను హిందూపురంలో హెచ్‌ఐవీ కౌన్సెలర్‌ని. నా గదిలో రెండు కుర్చీలు, ఒక టేబుల్, దాని మీద కండోమ్ ఎలా వాడాలో చూపించే చెక్క బొమ్మ ఉండేవి. వచ్చినవాళ్ళు ఆ బొమ్మను తప్ప అన్నింటినీ చూసేవారు. జబ్బు గురించి బాగా భయపెడితే మనిషి మారతాడని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని సోమందేపల్లి లారీ డ్రైవర్ నాగప్ప చెడగొట్టాడు. నడుం నొప్పికి మొదలుపెట్టిన ఇంజెక్షన్ అతనికి మత్తు అలవాటుగా మారింది. ఈమధ్యే ఇద్దరు స్నేహితులతో ఒకే సూది పంచుకున్నాడు. పరీక్షలో నెగెటివ్ వచ్చింది గానీ అతను ఇంకా విండో పీరియడ్‌లో ఉన్నాడు. అంటే వైరస్ ఒంట్లో ఉన్నా పరీక్షకు దొరకని కాలం. మూడు నెలలకు మళ్ళీ పరీక్ష, అంతవరకు భార్య దగ్గర కండోమ్ తప్పనిసరి అని చెప్పాను. నేను చెప్పిందంతా నాకంటే బాగా అప్పజెప్పి వెళ్ళాడు.

రెండు వారాల తర్వాత వచ్చాడు. నేనిచ్చిన కండోమ్ ప్యాకెట్లు జేబులో చెక్కుచెదరలేదు. ధర్మవరం లోడు ఉందని ఇంట్లో చెప్పి, రోజూ లారీలోనే పడుకుంటున్నాడట. రెండు గంటల దూరానికి రెండు వారాల లోడు!

"పిల్లలు చాలని ఆపరేషనై ఆరేండ్లాయ సార్. ఇంగ ఇదెందుకని ఆయమ్మ అడిగితే ఏం చెప్పేది?"

నిజం చెప్పమన్నాను. జబ్బు వస్తే ఎప్పుడో వస్తుంది, ఆమె మొహం ఈరోజే చూడాలి కదా అన్నాడు. కౌన్సెలర్ అబద్ధాలు నేర్పకూడదు. నేను నేర్పాను. ఆపరేషన్ ఒక్కోసారి ఫెయిలవుతుందని చెప్పమన్నాను.

నాలుగో రోజు అతని భార్య రత్నమ్మ వచ్చింది, వెనకాలే నాగప్ప. ఆమె అప్పటికే తనకు ఆపరేషన్ చేసిన పెనుకొండ ఆస్పత్రికి వెళ్ళి, నర్సుతో గొడవపడి, పాత రిజిస్టర్లన్నీ తీయించి వచ్చింది.

"నా ఆపరేషన్ ఫెయిలయిందని మీకెవురు చెప్పినారు సార్?"

నేను చెక్క బొమ్మను డ్రాయర్లో దాచేశాను. నాగప్ప విషయం నా నోటితో చెప్పకూడదు. ఆమె మొగుడి వైపు తిరిగి, ఆ ఆడమనిషి ఏ ఊర్లో ఉంటుందో చెప్పమంది. నాగప్పకు ఏడుపొక్కటే తక్కువ. ఆడమనిషి ఎవరూ లేరని, సూదులని, జబ్బు భయమని అంతా కక్కేశాడు.

రత్నమ్మ కుర్చీలో కూలబడింది.

"నీ అంగీ జేబుల్లో సూదులు ఏడాదిగా యాడికి పోతాండాయనుకుంటివి? ఉతికేటప్పుడు తీసి పారేస్తాండేది నేనే. అడిగితే ఇల్లిడిసి పోతావని నోరు మూసుకోనుండా."

ఇద్దరూ ఒకే సంగతిని ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటూ ఏడాది కాపురం చేశారు. కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని నా ముందు చెయ్యి చాపింది.

"ఆ ప్యాకెట్లు నాకియ్యండి సార్. ఈయన జేబులో పెట్టుకుంటే ఆడే ఉంటాయి."

మూడు నెలలకు ఇద్దరికీ నెగెటివే వచ్చింది. మత్తు మాన్పించే చికిత్సకు అతన్ని ఆమే తీసుకుపోయింది. ఆ గొడవైన మర్నాడే నేను పెనుకొండ వెళ్ళి ఆ నర్సుకు క్షమాపణ చెప్పుకున్నాను, రిజిస్టర్లన్నీ నాచేత మళ్ళీ బీరువాలో సర్దించాక గానీ ఆమె వదల్లేదు. ఆ తర్వాత నా గదికి ఎవరొచ్చినా జబ్బు సంగతి తర్వాతే. ముందుగా అడిగేది ఒక్కటే: "ఇంట్లో ఏం చెప్తావప్పా?"