ఆటోక్రాటిక్ అనొచ్చా, అనకూడదా

నాచారంలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది సూర్యాపేట దిక్కు. సెల్లార్‌లో లిఫ్టు పక్కనున్న చిన్న గదిలో ముసలి తల్లితో ఉండేవాడు. ఆమెకు టీబీ వచ్చింది. సర్కారు దవాఖానా మందులు వాడుతోంది, ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు చెప్పాడు కూడా. అయినా మా అసోసియేషన్ ప్రెసిడెంటు ఎవరినీ అడక్కుండా, ఆదివారం సాయంత్రానికి గది ఖాళీ చేయించాలని వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

దాని కింద రెండో అంతస్తులోని రిటైర్డ్ లెక్చరర్ ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాడు, ఇది ఆటోక్రాటిక్ నిర్ణయమని. అది చదివి, పోనీలే, ఒక్కరన్నా నోరు విప్పారని సంతోషించాను.

ఆదివారం పొద్దున సెల్లార్‌లో మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు మొహం కందగడ్డ చేసుకుని వచ్చాడు. సెంట్రల్ గవర్నమెంటులో సైంటిస్టుగా చేసిన తనను నియంత అంటారా అని మొదలుపెట్టాడు. లెక్చరర్ తాను నియంత అనలేదన్నాడు. ఎవరినీ సంప్రదించకుండా ఒక్కడే ఏలే పద్ధతిని ఆటోక్రాటిక్ అంటారట, టోటాలిటేరియన్ అంటే ఇంకా ఘోరమట. అది రాజులకూ ప్రభుత్వాలకూ వాడే మాట, అపార్ట్‌మెంట్‌కు ఎలా వాడతారని ఇంకొకాయన లేచాడు. ఆఫీసులకూ ఇళ్లకూ కూడా వాడొచ్చని లెక్చరర్. అందరూ ఫోన్లలో డిక్షనరీలు తెరిచారు. ఒకాయన అర్థాలు పైకి చదివి వినిపించాడు. చదువుకున్నవాళ్లం కదా, మాట ఒకటి చేతికి దొరికితే అంత తేలిగ్గా వదలం.

ముందు ఆ ముసలావిడ సంగతి తేల్చండని నేను లేచి అన్నాను. అక్కడికే వస్తున్నాం, కూర్చోండి మేడమ్ అన్నారు. ఒళ్లు మండిపోయింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన బాపతు మనుషులు.

చివరికి ఆ మాట ఉంచాలా తీసేయాలా అని చేతులెత్తించారు. తీసేయాలన్నవాళ్లే ఎక్కువ. లెక్చరర్ మెసేజ్ చెరిపేశాడు, ప్రెసిడెంటు ఆయన చేయి పట్టుకుని ఊపాడు, చప్పట్లు కొట్టారు. టిఫిన్ వేళ దాటిందని అందరూ లేచారు.

నేను లిఫ్టు దాకా పరుగెత్తి ప్రెసిడెంటును ఆపాను. మరి గది సంగతి ఏమిటని అడిగాను.

“అదెప్పుడో గ్రూపులో చెప్పాను కదమ్మా,” అన్నాడు. లిఫ్టు పైకి పోయింది.

గది గడపలో కూర్చున్న ముసలావిడ మీటింగంతా వింటూనే ఉంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నన్ను చూసి గోడ పట్టుకుని లేచి, నా చేతులు రెండూ పట్టుకుంది.

“గింతమంది పెద్దోళ్లు నా కోసం గింతసేపు కొట్లాడిన్రు బిడ్డా. మీ కడుపు సల్లగుండ.”

సాయంత్రానికి వెళ్లిపోవాలని ఆమెకు నేనే చెప్పాల్సివచ్చింది.