పొక్లేన్ బుర్రకు దిష్టి

సూర్యారావు దేవుణ్ణి నమ్మడు, పాత మెషీన్లు అమ్మే డీలర్లను అసలే నమ్మడు. నమ్మేదల్లా తన నోటిని. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టాడు. పాలకొండ వైపు నుంచి వచ్చి సిగ్నల్ దీపాలు వెలిగించిన తండ్రి, కొడుకును కూడా రైల్వేలోకి తొయ్యాలని చూశాడు. కొడుకు పరీక్ష హాల్లో హాయిగా కునుకు తీసి ఆ గండం నుంచి బయటపడ్డాడు. రేడియోలు బాగుచేశాడు. టీవీలు వచ్చాక టీవీలు బాగుచేశాడు. ఆ టీవీలు చెడిపోవడం తగ్గి తన పొట్ట మాడే సరికి సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలు లేచాయి, వాటితో పాటే విదేశాల్లో వాడి వదిలేసిన తవ్వకం మెషీన్లు ఓడలెక్కి దిగాయి. ఏ కంపెనీ చేసినా అక్కడ దాని పేరు పొక్లేనే.

కొత్త రకం పొక్లేన్లలో ఒక తిక్క ఉంది. డ్రైవర్ ముందుండే మానిటర్, సీటు వెనకుండే కంట్రోలర్ డబ్బా రెండు సన్నని తీగల మీద నిరంతరం మాట్లాడుకోవాలి. ఆ మాటలు ఆగిపోతే మానిటర్ మీద ఎర్రదీపం వెలుగుతుంది, ఇంజన్ నీరసపడుతుంది, అంత పెద్ద చెయ్యీ బాలింతలా మెల్లగా లేస్తుంది. మామూలు మెకానిక్కులు పంపు విప్పి, వాల్వు విప్పి, చివరికి యజమాని పంచె విప్పేదాకా తెచ్చేవారు. సూర్యారావు మాత్రం సీట్లో కూర్చుని బీడీ వెలిగించి, మానిటర్ కేసి చూస్తూ తీగల కట్టలు ఒక్కొక్కటే పట్టి ఊపేవాడు. ఎక్కడ ఊపితే దీపం కన్ను కొట్టిందో అక్కడ మీటర్ పెట్టేవాడు. సగం సార్లు ఎలక కొరుకుడో, వదులైన పిన్నో దొరికేది. దొరకనప్పుడు డీలర్ను తిట్టేవాడు. అదీ వైద్యంలో భాగమే.

ఆ వైద్యం ఇచ్చిన పొగరుతోనే తొంభై తొమ్మిదిలో బావమరిది దానయ్యకు సలహా ఇచ్చాడు. దానయ్య రైల్వేలో పట్టాల గ్యాంగులో పర్మినెంటు మనిషి. "ఎన్నాళ్ళు సుత్తి కొడతావురా? పొక్లేన్ కొను, మాలిక్‌వి అయిపో. చెడిపోతే నేను లేనా?" అన్నాడు. దానయ్య ఉద్యోగానికి దణ్ణం పెట్టి, తెలీబంధా డీలర్ దగ్గర ఒక పాత మెషీన్ కొని, సిల్తారాలో ఒక ఫ్యాక్టరీ బూడిద గుట్టలు ఎత్తే కాంట్రాక్టు పట్టాడు. గుట్ట పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నాడు. వండిపెట్టడానికి అతని తల్లి తాయారమ్మ కూడా అక్కడే మకాం పెట్టింది.

మొదటి రోజు అల్లుడు సూర్యారావే అత్తగారికి మెషీన్ చూపించాడు. "మిగతాదంతా కండే అత్తా. ఈ డబ్బా దాని దిమాగ్. బుర్ర. ఇది చెడితే పనైపోయినట్టే." రోజూ విప్పి బిగించడం ఎందుకని ఆ బుర్ర మూతను తీసి సీటు కింద పడేశాడు.

దసరా వెళ్ళాక రోగం మొదలైంది. పొద్దున ఎర్రదీపం, మధ్యాహ్నానికి మాయం. కబురందుకుని సూర్యారావు స్కూటర్ మీద వచ్చేసరికి పొక్లేన్ బుద్ధిమంతురాలిలా పనిచేసేది. తీగలన్నీ ఊపాడు. పిన్నులన్నీ గీకాడు. దీపం కన్ను కొట్టదు. డీలర్ దగ్గరికెళ్ళి, వరదలో మునిగిన మెషీన్ అంటగట్టావంటూ నలుగురిలో రచ్చ చేసి వచ్చాడు. రోగం తగ్గలేదు, రోజూ వచ్చింది.

ఫ్యాక్టరీ మేనేజర్ దానయ్యను పిలిచి చెప్పేశాడు. రేపు పొద్దున షిఫ్టు మొదలయ్యేసరికి బకెట్ లేవకపోతే కాంట్రాక్టు ఇంకొకరికి. రైల్వే మళ్ళీ రానివ్వదు. దానయ్య బావ ముఖం చూశాడు గాని ఏమీ అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని సూర్యారావుకు అనిపించింది. జీవితంలో మొదటిసారి అతనికి నిజంగా భయం వేసింది.

మర్నాడు రోగం వచ్చే వేళకే పట్టుకోవాలని తెల్లవారుతుండగా సిల్తారా చేరాడు. దానయ్య ఇంకా లేవలేదు. క్యాబిన్‌లో ఎవరో ఉన్నారు. ఎక్కి చూస్తే తాయారమ్మ. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు, అందులో గుప్పెడు ఉప్పు. తమలపాకు ముంచి మూతలేని డబ్బా మీద, తీగలు వచ్చి కలిసేచోట భక్తిగా చిలకరిస్తోంది.

"అత్తా! ఏటి చేస్తున్నావ్?"

"అరవకు బాబూ. వచ్చిన కాడినుంచీ అందరి కళ్ళూ దీని మీదే. దిష్టి బుర్రకే పట్టింది. దసరా నాడు తీశాను, రోగం ముదిరిందని ఇప్పుడు రోజూ తీస్తన్నాను."

"తీసినోళ్ళు పారబోస్తారు గదా!"

"బుర్రకి పడితే బుర్ర మీదే చల్లాలి గదా. బుర్రని నువ్వే సెప్పావు."

సూర్యారావు తడిసిన పిన్నులను వేలితో తడిమి చూశాడు. ఉప్పునీళ్ళు తడిగా ఉన్నంతసేపూ రెండు తీగల మాటలూ కలగాపులగం. ఎండెక్కి ఆరాక మళ్ళీ సంసారం సజావు. తను వచ్చేదేమో ఎండెక్కాకే, మరకలన్నీ బూడిద దుమ్ము కింద మునిగాకే. డబ్బా ఊడదీసి, స్పిరిట్‌తో పిన్ను పిన్నూ కడిగి, గుడ్డతో తుడిచి, తాయారమ్మ విసనకర్ర తోనే విసిరి ఆరబెట్టాడు. మేనేజర్ వచ్చి నిలబడేసరికి దానయ్య తాళం తిప్పాడు. దీపం వెలగలేదు. బకెట్ ఒక్క ఊపున గుట్ట మీదికి లేచింది. మేనేజర్ తల ఊపి వెళ్ళిపోయాడు.

"ఏటయింది బావా దీనికి?" అని క్యాబిన్ లోంచే అరిచాడు దానయ్య.

తన నీళ్ళే కొంప ముంచాయని తెలిసి పక్కనే తాయారమ్మ ముఖం పాలిపోయి ఉంది. ఆమెను చూస్తే సూర్యారావుకు జాలేసింది. "మూత నేనే బిగించలేదురా. మంచు దిగింది," అన్నాడు.

"మూతా? మూత బిగించక నా కాంట్రాక్టు ఊడగొట్టేసేవాడివి! నీ మాట నమ్మి నౌకరీ మానుకున్నాను చూడు!" దానయ్య ఇన్నాళ్ళూ అననివన్నీ కూలీలందరి ముందూ అనేశాడు. సూర్యారావు బీడీ వెలిగించుకుని అన్నీ పడ్డాడు.

తాయారమ్మ వల్ల కాలేదు. "ఆపరా! నీళ్ళు పోసింది నాను. ఆ బాబు నాకోసం తిట్లు తింటన్నాడు," అని మొత్తం చెప్పేసి బావురుమంది.

దానయ్య ఇంజన్ ఆపి కిందికి దిగాడు. తల్లి కళ్ళు తుడిచాడు. "బస్, చాలమ్మా, ఏడవకు. రేపట్నుంచి దీన్ని వదిలేసి నా బుర్రకి తియ్యి దిష్టి."

"నీ బుర్రకా?" తాయారమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రైలు ఉద్యోగం వదిలేసినోడి బుర్రకి దిష్టెవరు పెడతార్రా?"

కూలీలు పొట్టలు పట్టుకుని నవ్వారు. దానయ్య కూడా నవ్వాడు. ఆ ఉద్యోగం మానమన్నది తనే గనక సూర్యారావు మాత్రం సీటు కింద మూత వెతుక్కునే నెపంతో క్యాబిన్‌లోకి దూరాడు.