ఆండాళమ్మ గోరు, మేడమ్ వేలు

గోళ్లు తీసుకుంటుంటే టక్కుమన్న చప్పుడు వినిపించినప్పుడల్లా నా తెలివితక్కువతనం గుర్తొస్తుంది. వెనకే సుగుణ మేడమ్ నవ్వు కూడా. అందరి వ్యవహారాల్లో వేలు పెట్టేవాళ్లుంటారు. నేను అందరి వేళ్లతోనే వ్యవహారం పెట్టుకున్నవాణ్ని.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండలో జంతుశాస్త్రం పీజీ చదువుతున్నాను. మేడమ్ ఇచ్చిన ప్రాజెక్టు చూపుడువేలికీ ఉంగరపువేలికీ మధ్య పొడవుల నిష్పత్తి. సగటున మగవాళ్లకు ఉంగరపువేలు కాస్త పొడుగు, ఆడవాళ్లకు రెండూ దాదాపు సమానం; జాతిని బట్టి, ప్రాంతాన్ని బట్టి ఆ సగటూ మారుతుంది. వెర్నియర్ కొలబద్ద పట్టుకొని మక్తల్‌లో రైతుల చేతులూ, పోచంపల్లిలో నేతవాళ్ల చేతులూ కొలిచాను. పోచంపల్లి ఆడవాళ్ల చూపుడువేళ్లు అందరినీ మించిపోయాయి! లోకానికి తెలియని సంగతి నాకే దొరికిందని పొంగిపోయి, సెమినార్ రెండు రోజులుందనగా కాగితాలు మేడమ్ ముందు పరిచాను. ఆ సెమినార్ పోతే నా పీజీ పోయినట్టే.

“ఏడిదాక కొలిచినవయ్యా?”

“వేలి కొసదాకా మేడమ్.”

“ఏ కొస?”

మర్నాడు పొద్దున్నే నన్ను పోచంపల్లి బస్సెక్కించి, తానూ పక్కన కూర్చున్నారు. నేను చెయ్యి కొలిచినవాళ్లలో ఒకరైన ఆండాళమ్మ ఇంట్లో రంగద్దిన నూలు ఆరింది. ఆ ముసలామె రంగు అంటకుండా దానికి అక్కడక్కడా కట్టిన ముడులను చూపుడువేలి గోటితో మీటి విప్పుతోంది.

“గా గోరు తీసెయ్యవా అమ్మా?” అన్నారు మేడమ్.

“తీస్తే ముడి ఎట్ల దొరుకుతది బిడ్డా? గీ పని చేసెటి ఆడోళ్లం అందరం గీ ఒక్క గోరు పెంచుతం. మొన్న గీ సారు గోటి కొసదాక మంచిగ కొల్సుకపోయిండు!”

మగ్గం గుంటలో దాక్కోవాలనిపించింది. మేడమ్ నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నారు. తర్వాత కొంగు నడుముకు చెక్కి, ఇంటింటికీ నాతో తిరిగారు. ఈసారి కండ దాకానే కొలిచాను, ఆమె రాశారు. నా గొప్ప తేడా సాయంత్రానికి మాయమైంది.

“ఇక సెమినార్‌లో ఏం చెప్పను మేడమ్?”

“ముందుగాల గోరు ముచ్చటే చెప్పు. ఎవలో నవ్వకముందు నువ్వే నవ్వు.”

అలాగే చెప్పాను. హాలంతా నవ్వింది. పాసయ్యాను.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. తప్పు దొరికినప్పుడు పిల్లల్ని తిట్టను, వాళ్లతో బస్సెక్కుతాను. పోయినేడు మా విద్యార్థుల ప్రాజెక్టుకు కొలతల కోసం మహబూబ్‌నగర్‌లో మేడమ్ ఇంటికి వెళ్లాను. రిటైరైనా నవ్వు తగ్గలేదు. ఆమె చెయ్యి కొలిస్తే ఉంగరపువేలు మగవాళ్ల సగటును కూడా దాటిపోయింది.

“నన్ను తీసెయ్యయ్యా, ఆడోళ్ల లెక్క ఖరాబైతది,” అన్నారు కంగారుగా.

ఆమె చూస్తుండగానే ఆ అంకెను ఆడవాళ్ల వరసలో పెన్నుతో రాసి, కింద గీత కూడా గీశాను.

“రెండో చెయ్యి ఇవ్వండి మేడమ్.”