ప్యో మాస్టారి కారం సీసా

మా ప్యో మాస్టారికి ఒకటే పిచ్చండీ. కొండ మీద మేపుల్ ఆకులు నిండుగా ఎర్రబడే రోజు ఏదో ఈ భూమ్మీద తనకొక్కరికే తెలుసంటారు. రేడియో వాళ్ళకి తెలీదు, వాతావరణం వాళ్ళకి తెలీదు, ఆఖరికి ఆ చెట్టుక్కూడా తెలీదు. మాస్టారికి తెలుసు!

ఆయన మా బళ్ళో భూగోళం చెప్పేవారు. పక్క గదిలో నేను భాష చెప్పేదాన్ని. ఆయన తుఫాను పాఠం మొదలెడితే నా గదిలో పిల్లలు లేచి కిటికీలు మూసేవాళ్ళు, అంత గొంతు. రిటైరయ్యాక ఆ గొంతుకి వినేవాళ్ళు కరువై, మా జోంజు ఊళ్ళో వీధివాళ్ళం పెట్టుకున్న కొండల సంఘం మీద పడ్డారు. ఏటా ఆకులు ఎర్రబడే కాలంలో బస్సు మాట్లాడుకుని ఉన్‌జోక్ కొండకి పోతాం. ఏ రోజు పోవాలో చెప్పేది మాత్రం మాస్టారే.

ఎలా చెప్తారంటారా? కారం సీసాతో! చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న గాజు సీసా, దాన్నిండా కిమ్చీ పచ్చట్లో వేసే మిరపకారం. వీధి చివర మేపుల్ చెట్టు కింద ఆగి, ఓ ఆకు తెంపి, సీసా పక్కన పెట్టి, ఒక కన్ను మూసి రంగు పోల్చి చూస్తారు.

"ఊహూఁ. ఇంకా కారం ఎక్కలేదు."

"ఎప్పుడెక్కుతుంది మాస్టారూ?"

"కొండగాలి వేరు టీచరమ్మా. రాత్రి చలీ పగటి ఎండా రెండూ కొట్టుకుని..." అంటూ సీసా మూత తీసి ఊపి, ఫెడీమని తుమ్ముతారు. తుమ్మాక తేదీ చెప్తారు.

"శాస్త్రమంతా ఆ తుమ్ములోనే ఉంది" అంటుంది చున్‌షిమ్. మా వీధిలో జుట్టుకి రింగులు తిప్పే కొట్టు ఆమెదే. ఆ కొట్లో జుట్టు కన్నా నాలుకలే ఎక్కువ తిరుగుతాయి లెండి. నా నాలుకతో సహా.

ఇంత శాస్త్రమూ చేసి తీసికెళ్తే అక్కడ ఏముంటుందీ? ఓ ఏడు కొండంతా పాలకూర కట్టలా పచ్చగా ఉంది.

"ఎరుపేదీ మాస్టారూ?"

"లోపలుంది. ఆకు మనసులో మొదలైంది. పైకి రావాలంతే."

మరో ఏడు చెట్లన్నీ బోడి. కింద ఊడుస్తున్న కొండమీది గుడి సన్యాసి చీపురాపి, మావైపు జాలిగా చూసి, పక్కనున్న గోనెసంచీ చూపించాడు. "ఆకులా? ఇందులో ఉన్నాయి."

మాంసం కొట్టు చిల్సంగ్ సంచీ పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఏడుపు మొహంతోనే దిగాడు పాపం.

మాస్టారికి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు. "కొమ్మల అమరిక చూడండర్రా! ఆకులుంటే ఇది కనబడేదా?" అని గంట పాఠం చెప్పారు. కాళ్ళు పీకుతున్నా కూర్చోనివ్వలేదు.

ఆ ప్రయాణాల్లో తృప్తిగా ఇంటికొచ్చే మనిషి ఒక్కతే, మల్సూన్ అవ్వ. ఆవిడ మోకాళ్ళు పాత తలుపుల్లా కిర్రుమంటాయి. మనవల్ని తిప్పిన తోపుడుబండినే ఇప్పుడు ఊతంగా పట్టుకుని నడుస్తుంది. అలా నెట్టుకుంటూ, ఆగుతూ, కొండదారిలో చెరువు మధ్య మంటపం దాకా వెళ్తుంది. అక్కడ కూర్చుని ఉడకబెట్టిన గుడ్డు తిని, గొంతెత్తి ఒక పాట పాడుతుంది. ఆ పాటకి చెరువులో చేపలు అడుక్కి పోతాయి. మేం చెవులు మూసుకుంటాం. ఆవిడకి మాత్రం ఏడాదికంతటికీ పండగ అదే.

ఈ ఏడు అవ్వ ముందే చెప్పింది. "చలికాలంలో మోకాళ్ళు కోస్తారటే. తరవాత నడుస్తానో లేదో డాక్టరుకే తెలీదంట. ఈసారి మంటపంలో పాట పాడి తీరాలి."

అప్పుడే చున్‌షిమ్ తిరగబడింది. "ఈసారి రోజు నేను చెప్తా. ఫోన్లో రంగుల మ్యాపుంది. వచ్చే శనివారం నిండు ఎరుపట!"

మాస్టారి మొహం పాలిపోయింది. "శనివారమా! వద్దు. ఇంకే రోజైనా సరే, ఆ ఒక్కరోజూ వద్దు."

"ఏం, ఎందుకొద్దూ?"

"కారం... కారం ఎక్కదు."

"మీ కారం కిమ్చీలో వేసుకోండి! శనివారం కావాలన్నవాళ్ళు చేతులెత్తండర్రా."

అందరం ఎత్తాం. నేనైతే రెండూ ఎత్తాను.

శనివారం వెళ్ళాం. అబద్ధమెందుకూ, కొండ అంటుకున్నట్టుంది. చిల్సంగ్ ఈసారి నవ్వుమొహంతో ఫొటో దిగాడు. కొండ ఎక్కే గేటు దగ్గర మాస్టారు ఓ ఆకందుకుని సీసా పక్కన పెట్టారు. ఆకేదో కారమేదో తెలీలేదు. అయినా ఆయన మొహంలో సంతోషం లేదు. సీసా జేబులో పడేసుకున్నారు.

ఆ ఎరుపు చూడ్డానికి దేశమంతా కూడా అక్కడే ఉంది. ఒకరి మడమ ఒకరు తొక్కుకుంటూ నడవడమే. నేను చూసిందల్లా నా ముందాయన నీలం టోపీ. ఆకులు చూడ్డానికెళ్ళి టోపీ చూసొచ్చాను! అవ్వ బండి పది అడుగులు కదిలిందో లేదో, "బామ్మా, బండి పక్కకి తియ్యండి, ఫొటోలో పడుతోంది" అని ఒకడు. "అందరికీ అడ్డం" అని ఇంకొకత్తె.

అవ్వ బండి తిప్పి, గేటు పక్కన పచ్చిమిరప అట్లు పోసే పాక కింద కూలబడింది. "మీరు పోండర్రా. నాకు అట్లు చాలు" అంది. మేమూ సిగ్గులేకుండా పోయాం. మంటపం ముందు ఫొటోల వాళ్ళ వరస తోకలా ఉంటే, విసుగొచ్చి చున్‌షిమ్, నేనూ వెనక్కి తిరిగాం. పాక వెనకకి చేరేసరికి లోపల మాటలు. తడిక సందులోంచి చూస్తే, అవ్వ పక్కన మాస్టారు.

"నీ లెక్క తప్పినన్నాళ్ళూ నాకు బాగుండేది తమ్ముడూ" అంటోంది అవ్వ. "దారంతా నాదే. ఈసారి రోజు సరిగ్గా కుదిరింది. నా పాట పోయింది."

మాస్టారు కాసేపు ఓర్చుకున్నారు. ఎంతసేపని ఓర్చుకుంటారూ!

"నా లెక్క ఎప్పుడు తప్పిందక్కా?"

"ఏటా తప్పిందిగా?"

"తప్పలేదు! నిండు ఎరుపు ఏ రోజో ఏటా ముందే తెలుసు నాకు. తెలీకపోతే ఏటా అంత సరిగ్గా ఎలా తప్పిస్తాననుకున్నావు? ఎరుపున్న చోట జనం, జనమున్న చోట నీ బండి కదలదు..." అంటూనే నాలుక్కరుచుకున్నారు.

అవ్వ చేతిలో అట్టుముక్క పళ్ళెంలో పెట్టేసింది.

"నా కోసమా?" అంది అవ్వ.

"ఎవరన్నారు నీ కోసమని? కొమ్మల అమరిక..." అని మాస్టారు కంగారుగా సీసా తీసి, మూత లాగి, ఫెడీమని తుమ్మారు.

నా పక్కన చున్‌షిమ్ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. కొట్టు పెట్టినప్పట్నించీ ఆ నాలుక సెలవు తీసుకోవడం అదే మొదలు.

తిరుగు ప్రయాణంలో బస్సు జోంజు చేరేముందు తనే లేచి నిలబడింది. "మాస్టారూ, ఇవాళ నాకు ఆకులేం సరిగ్గా కనబళ్ళేదు. ఇంకోసారి పోదాం. రోజు మీరు చెప్పండి."

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆలోచించాలి. శాస్త్రం" అన్నారు. పొగరు చూడండి!

ఆకులన్నీ రాలాక, వారం మధ్యలో, మళ్ళీ వెళ్ళాం. కొండ మీద మేమూ, సన్యాసి, ఆయన చీపురూ, అంతే. అవ్వ బండి ఖాళీ దారిలో గడగడమంటూ పోయింది. ఎగుడొచ్చినచోట చిల్సంగ్ వెనకనించి నెట్టాడు. మంటపంలో అవ్వ పాట ఎత్తుకుంది. చేపలు అడుక్కి పోయాయి. ఈసారి ఎవరం చెవులు మూసుకోలేదు. నేను మాత్రం ఒక్క చెవి మూసుకున్నాను, రెండోది మర్యాదకి తెరిచే ఉంచాను.

పాట అయ్యేసరికి చలికీ ఆయాసానికీ అవ్వ బుగ్గలు కందిపోయాయి. మాస్టారు సీసా తీశారు. బోడికొమ్మ పక్కన పెడతారేమో అని చున్‌షిమ్ నవ్వడానికి సిద్ధంగా ఉంది. ఆయన తిన్నగా వెళ్ళి సీసాని అవ్వ బుగ్గ పక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూశారు.

"ఆఁ. ఇవాళ ఎక్కింది."

"ఫో ముసలాడా!" అని అవ్వ చేతిలోని గుడ్డుతో ఆయన నెత్తిన టప్పున కొట్టి పెంకు చిట్లగొట్టింది. తరవాత ఆ గుడ్డు వలిచి, చెయ్యి చాపింది. "ఆ కారం ఇటు పారెయ్. ఇన్నేళ్ళకి దేనికైనా పనికొస్తుంది."