హీరో తలకు చుట్టిన తువ్వాలు

2022లో గోపాలపట్నంలోని మా స్కానింగ్ గదికి ఒక పాత కౌబాయ్ సినిమా ప్రింట్ వచ్చింది. రీళ్లను శుభ్రం చేసి, స్కానర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. నిర్మాత వారసుల దగ్గర మిగిలింది ఆ ఒక్క ప్రింటే.

గుర్రాలు, తుపాకులు, తోలుబూట్లు చూసి నవ్వుకున్నాను. విలన్ మాత్రం బ్యాంకు దొంగ కాదు, మన్యంలో తెల్లదొరల కోసం రోడ్డు వేయించే కాంట్రాక్టరు. అయినా నా లెక్కలో అది అరువు సరుకే.

నాలుగో రీలులో రెండు స్ప్లైస్‌లు, అంటే టేపు అతుకులు, వాటి మధ్య చిన్న ముక్క కనిపించాయి. వెలుతురుకు పట్టి చూస్తే టోపీల్లేవు, గుర్రాల్లేవు. వెట్టికి రాళ్లు మోసే జనం. వెనకటికి రీలు తెగితే కొందరు థియేటర్ ఆపరేటర్లు వేరే సినిమా ముక్క అతికించేసేవారు. ఇదీ అదేననుకున్నాను. పైగా ముడుచుకుపోయి స్కానర్‌లో ఇరుక్కుంటోంది. పూర్తిగా చూడకుండానే కత్తిరించి చెత్తబుట్టలో పడేశాను. తర్వాతి సీనులో హీరో తలమీద టోపీ బదులు గళ్ల తువ్వాలుంది. "కంటిన్యుటీ కూడా చూసుకోలేదు పాపం" అని అందరి ముందూ జోకులేశాను. సిగ్గులేని నోరు నాది.

కాపీ సిద్ధమయ్యాక నిర్మాతవాళ్లు కబురు పెడితే, ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే అప్పన్న తాత భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు ఆ సినిమాలో కూలీ వేషం వేశాడట. ఆవిడ ఎప్పుడూ చూడలేదట.

సినిమా వేశాక, తెరమీద తువ్వాలు కనిపించగానే తాత ముందుకు వంగాడు.

"బాబూ, నానేడి? నా సీను రానేదేటి?"

"ఏ సీను తాతా?"

"దెబ్బలు తిని నాను పడిపోతే, ఈరో టోపీ ఇసిరేసి నా తువ్వాలు తలకి సుట్టుకుంటాడు. అక్కణ్ణించే కదా ఆడు మనోడయ్యింది!"



"ఆ ముక్క పాడైపోయింది తాతా" అన్నాను. పాడుచేసింది నేనని చెప్పలేదు.

"నీ తప్పేటుంది బాబూ, పాత సరుకు" అని నన్నే ఓదార్చాడు. భార్య వైపు తిరిగి, "ఆ తువ్వాలు నాదేనే" అన్నాడు.

"ఊరుకో. అలాటియి హార్బరంతా ఉన్నాయి" అని ఆవిడ నవ్వేసింది.

తాత సినిమా అయ్యేదాకా హీరో తల వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఎక్కడినుంచో తెచ్చుకున్న కథ మన కథగా మారిన చోటు అదే. నేను పారేసిందీ దాన్నే. ఇప్పుడు వేలెడు ముక్కనైనా మొత్తం చూడనిదే కత్తెర పట్టను. తాతకు నిజం చెప్పాలని హార్బర్‌కి చాలాసార్లు వెళ్లాను. నన్ను చూడగానే పక్కవాళ్లతో, "నా సినిమా బాగుసేసిన బాబు ఈడే" అంటాడు. తలూపి వచ్చేస్తాను.