కరీమున్ సంచిలోని ఎండుమిరపకాయలు

కరీమున్ సంచిలో పసిబిడ్డలను తూచే కాటా, థర్మామీటరు, వాటి పక్కనే గుప్పెడు ఎండుమిరపకాయలు ఉంటాయి. బాలింతల ఇళ్లకు వెళ్లే ఆశా కార్యకర్త ఆమె. గడప బయటే చెప్పులు విడిచి, చేతులు కడుక్కొని, పిలిచేదాకా నిలబడుతుంది. ఇంటింటి సందర్శనలకు నిధులు నిలిచిపోయి రెండు నెలలైనా ఆమె రాక మానలేదు. ఈ ఇంటి పెద్దావిడ వెంకటరావమ్మ అనుమానమంతా అక్కడే.

"పైసా ఇవ్వకపోయినా ఎందుకు తిరుగుతున్నావే? పసిదాన్ని తూస్తే దిష్టి తగలదూ?"

లోపల పదిరోజుల మనవరాలు ఏడ్చే ఓపిక లేక మూలుగుతోంది. కోడలు హారిక భయంగా చూస్తోంది.

"తూచాక దిష్టి తీయండి పెద్దమ్మా. కాయలు నేనే తెచ్చాను."

వెంకటరావమ్మ ఒక కాయ విరిచి, వాసన చూసి, గట్టిగా తుమ్మింది.

"రంగు పోయిన తాలుకాయలు కావులే. సరే, తూచు."

పుట్టినప్పటికన్నా పావుకిలో తగ్గింది. కరీమున్ హారిక పక్కన కూర్చుని బిడ్డను రొమ్ముకు ఎలా పట్టాలో ఓపికగా చూపించింది. కాసేపటికి గుటకల చప్పుడు వినిపించింది. అయినా ఆసుపత్రిలో చూపించి తీరాలన్నది.

"సాయంత్రమే తీసుకెళ్తాం. ఎల్లుండి నువ్వు మళ్లీ రా," అన్నది వెంకటరావమ్మ. "కాయలు మావే ఉన్నాయి. మిరపకాయలు అమ్మే కమీషన్ కొట్లో ఎన్ని దొంగ కాటాలు చూశానో! నీ కాటా సంగతి ఇంకోసారి చూడాలి."